బస్తర్ నుంచి గోదావరి ఒడ్డుకు వచ్చిన ఆదివాసులు: వాళ్లకు సాయం ఎంతవరకు అందింది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఎవరి గురించి?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం, అంటే సుక్మా, బీజాపూర్, దంతెవాడ జిల్లాల నుంచి ప్రాణభయంతో వచ్చేసిన ఆదివాసీ కుటుంబాల గురించి. వాళ్లు మన వైపు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల అడవుల్లోనూ, ఆంధ్రలో చింతూరు, ఎటపాక, కూనవరం, వీఆర్ పురం ప్రాంతాల్లోనూ గుడిసెలు వేసుకున్నారు. మనం వాళ్లను గుత్తికోయలు అంటున్నాం. వాళ్లలో ఎక్కువమంది మురియాలు, దోర్లలు. మన మిరప తోటల్లో కాయ కోసేది, పత్తి ఏరేది చాలావరకు వీళ్లే. అందుకే రైతులకు బాగా తెలుసు. ఆఫీసులకు మాత్రం సరిగ్గా తెలియదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు వీళ్ల గుంపులు (గుడిసెల వాడలు) కొన్ని ఉన్నచోటే ఉండి రాష్ట్రం మారాయి. ఒక రాష్ట్రంలో నడుస్తున్న అర్జీని ఇంకో రాష్ట్రంలో మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాల్సి వచ్చింది.

వాళ్లు ఊళ్లు వదిలి ఎందుకు వచ్చారు?

2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రజలే లేచారని ప్రభుత్వం చెప్పింది. జరిగింది వేరు. ఊళ్లను ఖాళీ చేయించి జనాన్ని రోడ్ల పక్కన శిబిరాల్లోకి తరలించారు. రానన్నవాళ్లను మావోయిస్టుల మనుషులుగా లెక్కేశారు. ఇళ్లు తగలబెట్టారు. ఆరు వందలకు పైగా ఊళ్ల మీద దీని దెబ్బ పడింది. మావోయిస్టుల వైపు నుంచి హింస కూడా తక్కువేమీ కాదు. 2006 జులైలో ఎర్రబోరు శిబిరం మీద దాడి చేసి పిల్లలతో సహా చాలామందిని చంపేశారు. ఇన్‌ఫార్మర్లనే పేరుతో ఊళ్లల్లో వాళ్ల చేతిలో చనిపోయినవాళ్లూ ఎందరో.

శిబిరానికి వెళ్తే మావోయిస్టులతో ప్రమాదం, వెళ్లకపోతే సల్వాజుడుంతో ప్రమాదం. మధ్యలో ఉన్నవాళ్లకు మిగిలిన దారి శబరి, గోదావరి నదుల వైపు నడవడమే. ఇక్కడ కోయ మాట్లాడేవాళ్లున్నారు, చుట్టాలున్నారు, కూలి దొరుకుతుంది.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఇలా వచ్చినవాళ్లందరూ 2005 తర్వాతే రాలేదు. సాగుభూమి కోసం బస్తర్ నుంచి ఈ అడవుల్లోకి వలస అంతకుముందు నుంచీ ఉంది. ఈ రెండు రకాల కుటుంబాలనూ కలిపి ఒకే గంపలో వేస్తే లెక్కలూ తప్పుతాయి, హక్కులూ తప్పుతాయి.

మొత్తం ఎంతమంది?

ఇక్కడే సమస్య మొదలవుతుంది. కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన జవాబులో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ లెక్క ఒకటి ఉంది. సుక్మా నుంచి 9,702 మంది, బీజాపూర్ నుంచి 579 మంది, దంతెవాడ నుంచి 208 మంది, మొత్తం 10,489 మంది. ఈ కుటుంబాల మధ్య పనిచేసే సంస్థలు, కార్యకర్తలు చెప్పే అంచనా తెలంగాణ, ఆంధ్ర, ఒడిశా, మహారాష్ట్రలు కలిపి 50 వేలకు పైనే.

రెండు లెక్కలకీ మధ్య సుమారు 40 వేల మంది తేడా. వాళ్లు ఏ జాబితాలోనూ లేరు. జాబితాలో లేనివాళ్లకు అందని సాయాన్ని ఏ సమీక్షా పట్టుకోలేదు, ఎందుకంటే వాళ్లకు అందాలని ఎవరూ రాసుకోలేదు. జాతీయ ఎస్టీ కమిషన్ 2019లో ఈ రాష్ట్రాలను సర్వే చేయమని అడిగింది. తమ పేర్లు రాసుకుంటే పోలీసులకు దొరికిపోతామేమో, తిరిగి పంపించేస్తారేమో అని దాక్కునేవాళ్లూ ఉన్నారు. రెండు వైపుల తుపాకులనూ చూసినవాళ్లకు ఆ భయం సహజం. సర్వే చేసేవాళ్ల వెంట పోలీసు జీపు వస్తే ఆ గుంపులో ఆరోజు సగం ఇళ్లు ఖాళీగానే కనిపిస్తాయి.

వీళ్లను శరణార్థులు అనొచ్చా?

అనకూడదు. దేశం సరిహద్దు దాటితేనే ఆ మాట వర్తిస్తుంది. వీళ్లు భారత పౌరులు, దేశం లోపలే నిర్వాసితులయ్యారు. ఇలాంటివాళ్ల కోసం ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు తెచ్చింది. అవి సలహాలే, చట్టం కాదు. ఆఫ్రికా దేశాలు 2009లో కంపాలాలో ఒక ఒప్పందం రాసుకుని, 2012 నుంచి దాన్ని అమల్లోకి తెచ్చాయి. మన దేశంలో సంఘర్షణ వల్ల ఇల్లు వదిలినవాళ్ల కోసం ప్రత్యేక చట్టమే లేదు. ప్రాజెక్టు కింద భూమి పోతే పరిహార చట్టం ఉంది, వరదొస్తే విపత్తు నిధి ఉంది. తుపాకుల మధ్య నుంచి పారిపోయి వచ్చినవాళ్ల విషయానికొస్తే, ఏ శాఖ బాధ్యత తీసుకోవాలో కూడా రాసిపెట్టలేదు.

మరి సాయాన్ని సమీక్షించడం అంటే ఏం చూడాలి?

గిరిజన అభివృద్ధి సంస్థ అయిన ఐటీడీఏలో రివ్యూ మీటింగ్ ఎలా జరుగుతుందో దగ్గర్నుంచి చూసినవాళ్లకు తెలుసు. మంజూరైంది ఎంత, ఖర్చయింది ఎంత, మిగిలింది ఎంత. పనులు ఎన్ని మొదలయ్యాయి, ఎన్ని పూర్తయ్యాయి. శాతం తొంభై దాటితే అందరికీ ఊపిరి. ఈ లెక్కలు అక్కర్లేదని నేను అనను, డబ్బు ఎక్కడికి పోయిందో తెలియాలి. కానీ ఖర్చయిన రూపాయి మనిషి దాకా వచ్చిందా అన్నది ఆ కాగితం చెప్పదు.

ఒక ఉదాహరణ. నేను వెళ్లిన ఒక గుంపుకి బోరు మంజూరైంది, చేతిపంపు బిగించారు, రిజిస్టర్‌లో 'పనిచేస్తోంది' అని ఉంది. నిజంగానే పనిచేస్తోంది. కాకపోతే రిగ్గు లారీ వాగు దాటలేక పంపుని వాగుకి ఇవతలే వేశారు. గుడిసెలు అవతల ఉన్నాయి. వానాకాలం వాగు పొంగితే పంపు దగ్గరికి పోలేరు. ఎండాకాలం వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీటిని సొరకాయ బుర్రతో తోడి బిందెలో పోసుకుంటారు. బిందె నిండేసరికి చాలాసేపు పడుతుంది, వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు వంతు కోసం కూర్చుని ఉంటారు. ఆ పంపు నీళ్లు ఎక్కువగా తాగేది రోడ్డు మీద పోయే పశువుల కాపర్లు. ఈ పనికి కాగితం మీద నూటికి నూరు మార్కులు.

అత్యవసర సాయానికి ప్రపంచమంతా వాడే స్ఫియర్ ప్రమాణాలు ఉన్నాయి. మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్లు, ఇంటి నుంచి నీటి దగ్గరికి 500 మీటర్లకు మించని దూరం, చేతిపంపుకి 500 మందికి మించని జనం. ఇరవై ఏళ్లుగా ఇక్కడున్న కుటుంబాలకు అత్యవసర ప్రమాణం వర్తింపజేయాల్సి రావడమే బాధ కలిగించే విషయం. పోనీ దాన్నే కొలబద్దగా పెట్టుకున్నా పంపు ఉందా అని కాదు, ఆ ఇంట్లో నిన్న ఎన్ని బిందెలు వచ్చాయి, ఎవరు మోశారు, ఎంత దూరం అని అడగాలి.

సమీక్ష చివర మిగలాల్సిన అసలు అంకె ఒకటే: రావాల్సినవి రాని ఇళ్లు ఎన్ని, ఏ కారణంతో రాలేదు. ఆ అంకె లేని నివేదిక ఎంత మందంగా ఉన్నా నాకు అది సగం పనే.

ఇలా కొలిచే పద్ధతి ఎక్కడైనా ఉందా?

ఉంది. కొలంబియాలో దశాబ్దాల సాయుధ పోరు వల్ల లక్షల మంది ఊళ్లు వదిలారు. 2004లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఈ పరిస్థితే రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. తీర్పు ఇచ్చి ఊరుకోలేదు. ఏళ్ల తరబడి ప్రభుత్వాన్ని పిలిపించి వివరణ అడుగుతూనే ఉంది. ఎంత బడ్జెట్ ఖర్చు పెట్టారన్న దగ్గర ఆగకుండా, ఆ కుటుంబాలు హక్కుని నిజంగా అనుభవిస్తున్నాయా అని చూసే సూచికలు తయారు చేయించింది. 2011లో బాధితుల చట్టం వచ్చింది. బాధితుల రిజిస్టర్‌లో 90 లక్షలకు పైగా పేర్లున్నాయి. అక్కడా పరిహారం చాలా నెమ్మదిగానే అందుతోంది, చట్టం గడువుని 2031 దాకా పొడిగించాల్సి వచ్చింది. అయినా పేరు రాసుకోవడం దగ్గరే ఆగిపోయిన మన పరిస్థితి కంటే అది చాలా ముందుంది. బాధితులు తమ ప్రతినిధుల్ని ఎన్నుకుని సమీక్షలో కూర్చునే ఏర్పాటు కూడా ఆ చట్టంలో ఉంది. మన రివ్యూ మీటింగ్‌లో ఒక్క గుంపు పెద్దకైనా కుర్చీ వేస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

మన దేశంలోనే ఎవరికైనా మంచి ప్యాకేజీ దక్కిందా?

బ్రూ ఆదివాసులకు దక్కింది. 1997లో మిజోరం నుంచి త్రిపురకు పారిపోయి వచ్చి శిబిరాల్లో బతికిన కుటుంబాలవి. 2020 జనవరి 16న కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధులు కలిసి ఒప్పందం చేసుకున్నారు. సుమారు 34 వేల మంది త్రిపురలోనే స్థిరపడేందుకు దాదాపు 600 కోట్ల ప్యాకేజీ. కుటుంబానికి 40 అడుగులు, 30 అడుగుల ఇంటి స్థలం, ఇల్లు కట్టుకోవడానికి లక్షన్నర, 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు 5 వేలు, ఉచిత రేషన్. అందులోనూ స్థలాల ఎంపిక దగ్గర గొడవలు, ఆలస్యాలు జరిగాయి. కానీ 23 ఏళ్ల తర్వాతైనా ఒక కాగితం మీద సంతకాలు పడ్డాయి.

కశ్మీరీ నిర్వాసిత కుటుంబాలకు మనిషికి నెలకు 3,250 రూపాయలు, ఇంటికి 13 వేలకు మించకుండా నగదు సాయం ఉంది. అది వాళ్ల హక్కు, ఇంకా పెంచినా తప్పులేదు. బస్తర్ నుంచి వచ్చిన కుటుంబానికి మాత్రం ఇలాంటి నెలసరి సాయం ఏ రాష్ట్రంలోనూ లేదు. బ్రూలకు సాధ్యమైంది వీళ్లకెందుకు కాదని అడిగితే ఇప్పటిదాకా ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు.

పిల్లలు బడికి వెళ్తున్నారా?

కొందరు. 2007 డిసెంబర్‌లో శాంతా సిన్హా నాయకత్వంలోని జాతీయ బాలల హక్కుల కమిషన్ దంతెవాడ, ఖమ్మం జిల్లాలు తిరిగి ఈ పిల్లల ఆరోగ్యం, చదువు మీద నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత ఆశ్రమ పాఠశాలల్లో, వసతి గృహాల్లో చేర్పించే ప్రయత్నం జరిగింది. కొందరు పిల్లలు నిలదొక్కుకుని ఇంటర్, డిగ్రీ దాకా వచ్చారు.

విద్యాహక్కు చట్టం ఇక్కడ బలమైన ఆయుధం. జనన ధ్రువీకరణ లేదని, టీసీ లేదని ఏ ప్రభుత్వ బడీ చేర్చుకోకుండా ఉండకూడదు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. ఇది హెడ్మాస్టర్లలో చాలామందికి తెలుసు. తెలియనట్టు ఉండేవాళ్లకు ఒక కాగితం మీద రాసిచ్చి జవాబు అడిగితే పని జరుగుతుంది.

చదువు ఆగిపోయేది ఎక్కువగా మిరప సీజన్‌లో. జనవరి నుంచి తల్లిదండ్రులు తోటల దగ్గరే గుడారాలు వేసుకుంటారు, చంటివాళ్లను చూసుకోవడానికి పెద్దపిల్లను బడి మాన్పిస్తారు. ఆడపిల్లే ఎప్పుడూ. తర్వాత ఐదో తరగతి అయ్యాక కులం సర్టిఫికెట్ అడిగినప్పుడు ఇంకోసారి ఆగుతుంది. సమీక్షకు వెళ్లినవాళ్లు హాజరు పట్టీని ఫిబ్రవరిలో చూడాలి. జులైలో చూస్తే అన్ని పేర్లూ ఉంటాయి.

ఆధార్, రేషన్ కార్డు, ఓటు ఉన్నాయా?

మునుపటి కంటే చాలా మెరుగు. ఆధార్ ఎక్కువమందికి వచ్చింది. ఒకే ఇంట్లో నలుగురికి జనవరి 1 పుట్టినరోజుగా పడి ఉండటం, తండ్రి పేరు ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా ఉండటం మాత్రం మామూలే. రాసేవాళ్లకు కోయ, గోండి పేర్లు వినపడవు. మడకం అనే ఇంటిపేరును మడకంగానే రాస్తారు, పక్కన ఉండే పేరు మాత్రం ఏదో ఒకటి అవుతుంది. ఆ ఒక్క అక్షరంతో బ్యాంకు ఖాతా ఆగిపోతుంది.

ఛత్తీస్‌గఢ్ రేషన్ కార్డు ఆధార్‌తో కలిసి ఉంటే ఇక్కడి డీలర్ దగ్గర కూడా 'ఒకే దేశం ఒకే రేషన్' కింద కేంద్రం వాటా బియ్యం తీసుకోవచ్చు. అక్కడి కార్డులో పేరు తీసేసి ఇక్కడ ఇంకా ఎక్కించని కుటుంబం రెండుచోట్లా పోగొట్టుకుంటుంది. ముందు ఇక్కడ రాయించి ఆ తర్వాతే అక్కడ తీసేయించేలా రెండు రాష్ట్రాల పౌర సరఫరాల శాఖలు మాట్లాడుకుంటే నెల రోజుల పని.

అంగన్‌వాడీ, ప్రభుత్వ ఆసుపత్రి, టీకాలు వీటికి కులం కాగితం, స్థానికత కాగితం ఏవీ అక్కర్లేదు. ఎవరైనా అడిగితే అది తప్పు. ఓటుకైతే అక్కడ మామూలుగా నివసిస్తున్నారన్నదే ఆధారం.

ఎస్టీ సర్టిఫికెట్ ఎందుకు ఇవ్వడం లేదు?

రాజ్యాంగంలోని 342 అధికరణ ప్రకారం ఎస్టీ జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినంత మాత్రాన ఇంకో రాష్ట్రంలో ఆ ప్రయోజనాలు రావని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ కేసు మన తెనాలిలో పుట్టి బొంబాయికి వెళ్లిన విద్యార్థిది, మర్రి చంద్రశేఖరరావు కేసుగా న్యాయవాదులందరికీ తెలుసు. తల్లిదండ్రుల పాత రాష్ట్రం సర్టిఫికెట్ చూపిస్తే ఇక్కడ 'వలస వచ్చినవాళ్లు' అన్న నమూనాలో సర్టిఫికెట్ ఇవ్వొచ్చు, ప్రయోజనాలు మాత్రం పాత రాష్ట్రంలోనే.

ఉద్యోగం కోసం ఊరు మారినవాళ్ల సంగతి చూసి చెప్పిన సూత్రం అది. ఇల్లు తగలబడితే రాత్రికి రాత్రి గోదావరి దాటినవాళ్లకూ అదే వర్తిస్తోంది. వాళ్లు పాత రాష్ట్రం సర్టిఫికెట్ ఎక్కడి నుంచి తెస్తారు? ఇక్కడే పుట్టి, ఇక్కడే తెలుగులో చదువుకుని, ఇప్పుడు పద్దెనిమిదేళ్లు నిండుతున్న పిల్లలున్నారు. వాళ్లకు ఛత్తీస్‌గఢ్ అంటే అమ్మమ్మ చెప్పే ఊరి పేరు. ఇంటర్ తర్వాత దరఖాస్తు నింపేటప్పుడు వాళ్లు పడే టెన్షన్ చూస్తే మనసు కలుక్కుమంటుంది. సంఘర్షణ నిర్వాసితులకు మినహాయింపు ఇవ్వాలంటే పార్లమెంటు తలచుకోవాలి. ఇది ఎమ్మార్వో స్థాయిలో తెగే పని కాదు, ఎమ్మార్వోతో గొడవపడి లాభం లేదు.

భూమి సంగతి ఏమిటి? అడవి నరుకుతున్నారంటారు కదా?

నరుకుతున్నారు. పోడు కొట్టకుండా ఒక ఆదివాసీ కుటుంబం అడవిలో ఏడాది పొడవునా కూలి మీదే బతకడం కష్టం. అటవీ శాఖ వాళ్ల పనీ కష్టమే. 2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజ్ ఆఫీసర్‌ను ప్లాంటేషన్ గొడవలో ఇద్దరు గుత్తికోయలు నరికి చంపారు. డ్యూటీలో ఉన్న మనిషి, భార్యాపిల్లలున్న మనిషి. ఆ హత్యను ఎవరూ సమర్థించలేరు. దాని తర్వాత ఎక్కడెక్కడో ఉన్న గుంపులన్నిటి మీదా కోపం మళ్లింది, వెళ్లగొట్టాలని తీర్మానాలు వచ్చాయి. ఇద్దరు చేసిన నేరానికి కోర్టుంది. ఆ నేరంతో సంబంధం లేని వందల కుటుంబాల గుడిసెలు పీకడం సమాధానం కాదు.

అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం పోడు పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉండాలి. తర్వాత వచ్చినవాళ్లకు ఇక్కడ అర్హత లేదు. అదే చట్టంలో 3(1)(ఎం) అని ఒక నిబంధన ఉంది. అడవి భూమి నుంచి పునరావాసం లేకుండా అక్రమంగా వెళ్లగొట్టబడినవాళ్లకు అదే చోటగానీ, వేరేచోటగానీ భూమి పొందే హక్కు ఇస్తుంది. దానికీ ఆ 2005 డిసెంబర్ 13 తేదీయే. సల్వాజుడుం 2005 జూన్‌లో మొదలైంది. అంటే మొదటి ఆరు నెలల్లో వచ్చినవాళ్లు ఈ నిబంధన కిందికి వస్తారు, 2006లో, 2007లో ఇళ్లు తగలబడి వచ్చినవాళ్లు రారు. గడువు తేదీ రాసినప్పుడు వీళ్లెవరూ గుర్తులేరు. ఈ ఒక్క తేదీని సంఘర్షణ బాధితుల మటుకు సవరిస్తే చాలా ముడులు విడిపోతాయని నా గట్టి నమ్మకం. తెలంగాణలో 2023లో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచినప్పుడు ఈ కుటుంబాలు పక్కనే నిలబడి చూశాయి.

వీళ్లకు ఇస్తే స్థానిక కోయల వాటా తగ్గదా?

ఈ భయం నిజమైనదే, కొట్టిపారేయకూడదు. ఇక్కడి కోయలు పోలవరంలో ఊళ్లు పోగొట్టుకుంటున్నారు, పట్టాల కోసం వాళ్లే ఇంకా తిరుగుతున్నారు. ఉన్న కోటాలో ఇంకొకరిని కలిపితే ఎవరికైనా కడుపు మండుతుంది. అందుకే వీళ్లకు ఇచ్చేది విడిగా కేంద్రం నిధులతో రావాలి, స్థానికుల వాటాలోంచి కాదు. చేతిపంపు, వైద్య శిబిరం లాంటివి పక్కనున్న పాత ఊరికి కూడా కలిపి ఇస్తే గొడవ సగం తగ్గుతుంది. ఇది సాయం చేసే సంస్థలకు అనుభవంలో తెలిసిన సంగతే.

కుటుంబంలో ఎవరైనా చనిపోయి ఉంటే, అవయవం పోయి ఉంటే పరిహారం వస్తుందా?

కేంద్ర హోం శాఖ పథకం ఒకటి ఉంది. ఉగ్రవాద, మతపరమైన, వామపక్ష తీవ్రవాద హింసలో, సరిహద్దు కాల్పుల్లో, మందుపాతరలు పేలి చనిపోయిన పౌరుల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తుంది. మొదట 3 లక్షలుండేది, 2016లో పెంచారు. 50 శాతం, అంతకు మించి శాశ్వత వైకల్యం కలిగినా వర్తిస్తుంది. దరఖాస్తు కలెక్టర్ ఆధ్వర్యంలోని జిల్లా కమిటీ పరిశీలిస్తుంది. డబ్బు సాధారణంగా బ్యాంకులో డిపాజిట్ చేసి వడ్డీ ఖాతాలో వేస్తారు.

కష్టం ఎక్కడంటే, దీనికి పోలీసు రికార్డు కావాలి. ఎఫ్‌ఐఆర్ ఉంటే అది ఘటన జరిగిన స్టేషన్‌లో, అంటే పారిపోయి వచ్చిన ఊరి దగ్గర ఉంటుంది. చాలా మరణాలకు ఎఫ్‌ఐఆర్ లేదు, పోస్ట్‌మార్టం లేదు, ఊరివాళ్లే దహనం చేసి వచ్చేశారు. మందుపాతరకి కాలు పోయిన మనిషికి వైకల్య ధ్రువీకరణ కోసం సదరం శిబిరానికి వెళ్లాలంటే ముందు ఇక్కడి కార్డు అడుగుతారు. ఇక పోలీసుల చేతిలోనో, జుడుం మనుషుల చేతిలోనో చనిపోయాడని చెప్పే కుటుంబం ఆ స్టేషన్‌కే వెళ్లి కాగితం అడగాలి. ఎవరు వెళ్తారు?

ఇక్కడ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పనికొస్తుంది. ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. హెల్ప్‌లైన్ 15100. ఒక లాయర్ ఉత్తరంతో రెండు జిల్లాల మధ్య కాగితం కదిలే అవకాశం చాలా పెరుగుతుంది.

సుప్రీంకోర్టు ఏమంది?

2007లో ప్రొఫెసర్ నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, మన విశాఖకు చెందిన మాజీ ఐఏఎస్ అధికారి ఈఏఎస్ శర్మ సల్వాజుడుం మీద కేసు వేశారు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ తీర్పు ఇచ్చారు. ఆదివాసీ యువకుల్ని ప్రత్యేక పోలీసు అధికారులుగా పెట్టి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని, దాన్ని ఆపాలని చెప్పారు. 2025 మేలో కోర్టు ధిక్కార పిటిషన్‌ను మూసేస్తూ సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. హింస ఎటువైపు నుంచి వచ్చినా సరే, నష్టపోయిన ప్రజలకు శాంతి, పునరావాసం కలిగించే చర్యలు తీసుకోవడం ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం, కేంద్రం బాధ్యత అని. ఆ వాక్యాన్ని ప్రతి అర్జీలో రాయండి.

వీళ్లకు సాయం చేస్తే మావోయిస్టులకు చేసినట్టు కాదా?

కాదు. ఆయుధం పట్టనివాడు పౌరుడే. మన దేశం 1950లోనే ఆమోదించిన జెనీవా ఒప్పందాల ఉమ్మడి మూడో అధికరణ కూడా పోరులో పాల్గొననివాళ్లను మానవత్వంతో చూడాలనే చెబుతోంది. ఈ అనుమానం వల్ల డాక్టర్లు కూడా ఇబ్బంది పడ్డారు. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ ఏళ్ల తరబడి ఈ గుంపుల్లో సంచార వైద్యశాలలు నడిపింది. మలేరియాతో వణుకుతున్న పిల్లాడికి మాత్ర ఇచ్చేముందు వాళ్ల నాన్న ఎవరని అడగడం ఏ వైద్యమూ కాదు.

ఇప్పుడు అక్కడ మావోయిస్టులు తగ్గిపోయారు కదా, తిరిగి వెళ్లిపోవచ్చు కదా?

వెళ్లాలనుకునేవాళ్లు ఉన్నారు. కొందరు వెళ్లారు, వాళ్లలో కొందరు తిరిగొచ్చారు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నియద్ నెల్లనార్ పేరుతో భద్రతా క్యాంపుల చుట్టుపక్కల ఊళ్లకు రోడ్లు, రేషన్, కరెంటు తెస్తోంది. 2025లో మావోయిస్టుల మీద భద్రతా బలగాలు చేసిన కర్రెగుట్టల ఆపరేషన్ తర్వాత మన సరిహద్దులో పరిస్థితి కూడా మారిపోయింది. ఇదంతా మంచికే అయితే సంతోషం.

కానీ తిరుగుప్రయాణం వాళ్ల ఇష్టంతో జరగాలి. ఉన్నచోటే స్థిరపడటం, ఇంకోచోటికి వెళ్లడం, సొంతూరికి వెళ్లడం, ఈ మూడింట్లో ఏది ఎంచుకున్నా ఐక్యరాజ్యసమితి సూత్రాల ప్రకారం ప్రభుత్వం తోడుండాలి. ఇక్కడ గుడిసె పీకి, అక్కడికి పొమ్మంటే అది ఎంపిక కాదు. ముందు ప్రతి గుంపు నుంచి ఇద్దరు ముగ్గుర్ని, తప్పకుండా ఒక ఆడమనిషితో సహా, ఊరు చూసి రావడానికి ప్రభుత్వ ఖర్చుతో పంపాలి. భూమి ఎవరి సాగులో ఉంది, దారిలో మందుపాతరలు తీశారా, బడి ఉందా, పాత కేసులు ఏమైనా పేరు మీద ఉన్నాయా చూసుకుని రానివ్వాలి. పాత వారెంటు భయం ఒక్కటే చాలామందిని ఇక్కడ ఆపేస్తోంది.

సమీక్షకు వెళ్లేవాళ్లు ఏం గుర్తుపెట్టుకోవాలి?

భాష తెలిసినవాళ్లు వెంట ఉండాలి. తెలుగులో అడిగితే మగవాళ్లు తలూపుతారు, వాళ్లకు అర్థమయ్యిందో లేదో మనకు తెలియదు. ఆడవాళ్లతో ఆడవాళ్లే విడిగా కూర్చుని మాట్లాడాలి. ఎప్పుడు వచ్చారు, ఎందుకు వచ్చారు అన్నది ప్రతి సర్వేలో ప్రతివాళ్లూ అడుగుతారు. చూసిన చావుని మళ్లీ మళ్లీ చెప్పించకండి. ఆ సమాచారం ఇప్పటికే ఎక్కడో ఉంది, వెతుక్కోండి. ఫొటో తీస్తే ముఖం, ఊరి పేరు రెండూ కలిపి ఎక్కడా పెట్టకండి. ఉదయం తొమ్మిదికి వెళ్తే కూలికి పోయి ఉంటారు, సాయంత్రం వెళ్లండి. ఇంకొకటి, ఇస్తామని నోరు జారకండి. నేను తిరిగినచోట్ల ఎక్కువగా విన్న ఫిర్యాదు ఏమీ ఇవ్వలేదని కాదు, రాసుకుని వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదని.

నేను ఏం చేయగలను?

పాత బట్టల మూటలు పంపకండి, అవి అక్కడ పోగుపడి ఉన్నాయి. డబ్బు ఇవ్వాలనుకుంటే ఆ గుంపుల్లో ఏళ్లుగా బడి నడుపుతున్నవాళ్లకు, వైద్యం చేస్తున్నవాళ్లకు ఇవ్వండి. దోమతెరలు, పిల్లల చదువు ఖర్చు, ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో కిరాయి లాంటివి ఎప్పుడూ కొరతే. మిరప రైతులైతే మీ తోటకు వచ్చే కూలీల పిల్లల్ని దగ్గర్లోని అంగన్‌వాడీకి పంపే ఏర్పాటు చేయండి, కాటా దగ్గర కోతలు పెట్టకండి.

ప్రభుత్వాన్ని అడగాలనుకుంటే పది రూపాయల ఆర్టీఐ చాలు. ఐటీడీఏని గుంపుల వారీగా కుటుంబాల జాబితా, ఒక్కో గుంపుకి ఏ ఏడాది ఏ పని మంజూరైంది, ఎక్కడ చేశారు అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ జాబితా పట్టుకుని, భాష తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని ఒక గుంపుకి వెళ్లి ఇంటింటి దగ్గరా చదివి చూడండి. పేరు లేని ఇళ్లు ఎన్నో లెక్క తేలాక, వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల వేలిముద్రలతోనే అర్జీ రాయించి సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి, రసీదు నంబర్ మాత్రం ఆ గుంపులోనే ఉంచి రండి.